గేరు గారూ, దయచేయండి

బుల్లిరాజు గారిలో చెప్పుకోదగ్గ విశేషం ఒక్కటే. ప్రపంచంలో ఉన్న ఏ ప్రాణినీ, ఏ వస్తువునీ ఆయన ‘గారు’ అనకుండా పిలవలేరు. ‘అండి’ లేకుండా మాట ముగించలేరు.

మా గోదావరి జిల్లాల్లో మర్యాద కొంచెం ఎక్కువేనన్న మాట నిజమే. కానీ ఎంత మర్యాదస్తుడైనా పశువుల పాక గుమ్మం దగ్గర ఆగిపోతాడు. బుల్లిరాజు గారు ఆగరు. గేదె పాలచెంబు తన్నేస్తే, “మీరే ఇలా చేస్తే ఎలాగండి” అని నొచ్చుకునేవారు. తోటలో ఒకసారి కొబ్బరికాయ ఆయన భుజానికి బెత్తెడు పక్కన పడింది. తలెత్తి చెట్టు వంక చూసి, “కాస్త చూసుకుని పడండి” అన్నారట. పెరట్లో అరటిగెల కోస్తూ దొరికిపోయిన దొంగతో, ఇంకా పక్వానికి రాలేదు, వారం పోయాక దయచేయండి అన్నారు. వాడు నిజంగానే వారం పోయాక వచ్చాడు.

ఈ దొంగ సంగతి మాత్రం నేను కళ్ళారా చూసిందే. అప్పట్లో నేను ఆ ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. కాలవ గట్టు రోడ్డు మీద రామచంద్రపురానికి బస్సులో అరగంట దూరం. బుల్లిరాజు గారి ఇంటి పక్క వాటాలో అద్దెకుండేవాణ్ణి. ఆయన భార్య సూర్యకళ గారి కంఠం గోడ దాటి నా వంటింటి దాకా వచ్చేది. ఇంట్లో ఉన్న మర్యాదంతా భర్తే ఖర్చు పెట్టేయడం వల్ల ఆవిడ దగ్గర ఏమీ మిగల్లేదని ఊళ్ళో అనుకునేవారు.

తొంభై ఏడు దసరాకి బుల్లిరాజు గారు కారు కొన్నారు. కారణం పెసరట్టు. రామచంద్రపురంలో ఒక హోటల్లో తెల్లవారకముందే పెనం పెడతారు. ఆ మొదటి వాయి తినాలని ఆయన కోరిక. మొదటి బస్సు వెళ్ళేసరికి మొదటి వాయి అయిపోతుంది. వరి, కొబ్బరి బాగానే ఉన్న మనిషి, అడ్డు చెప్పే పిల్లల్లేరు. సూర్యకళ గారు అడ్డు చెప్పారు గానీ, ఆవిడ ప్రతిదానికీ చెబుతారు కాబట్టి అది లెక్కలోకి రాలేదు.

రాజమండ్రి నుంచి కారు తెచ్చిన రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. మా బావమరిది టాక్సీ మీద నేను నేర్చిన డ్రైవింగు దారిలో ఎక్కడైనా అక్కరకొస్తుందని ఆయన ధైర్యం. తెల్ల కారు, సీట్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు. అంతా బాగుంది. గేరు మాత్రం రాయి. క్లచ్ తొక్కి కడ్డీని లాగితే కదలదు. బలవంతంగా నెడితే లోపలెక్కడో పళ్ళు నూరినట్టు ‘కర్ర్’ మంటుంది. ఆ వెంటనే సన్నగా, సాగదీస్తూ ఒక మూలుగు వస్తుంది. అది ఇంజను చప్పుడులా లేదు. జ్వరంతో పడుకున్న ముసలావిణ్ణి మంచం మీద ఇటు నుంచి అటు తిప్పితే వస్తుందే, అలా ఉంది.

ధవళేశ్వరం దాటాక బుల్లిరాజు గారు బండి పక్కకి తీసి ఆపారు. కడ్డీ మీద అరచెయ్యి ఆనించి, గొంతు బాగా తగ్గించి అన్నారు.

“గేరు గారూ, కొత్త చోటు, కొత్త మనుషులు. మీకు ఇబ్బందిగానే ఉంటుందండి. దయచేయండి.”

నేను నవ్వు దాచుకోడానికి కిటికీ వైపు తిరిగాను. కడ్డీ చప్పుడు లేకుండా జారి తన చోట్లో కూర్చుంది. నా నవ్వు ఆగిపోయింది.

ఇంటికొచ్చేదాకా అదే వరస. ఆయన అడిగితే పడేది, అడగడం మరిచిపోతే మూలిగేది. షోరూము వాళ్ళని ఫోనులో అడిగితే కొత్త గేర్‌బాక్సులు కొన్ని అలాగే బిగుసుగా ఉంటాయని, తిరిగే కొద్దీ సాపవుతాయని, మొదటి సర్వీసులో చూస్తామని చెప్పారు. మా సైన్సు మాస్టారు కూడా బండి వేడెక్కితే లోపలి నూనె పల్చబడి గేరు పడుతుందని, అంతకన్నా ఏమీ లేదని కొట్టిపారేశారు. ఆయన్ని ఒకసారి కారెక్కించుకుని చెరువుగట్టు దాకా తిప్పి తెచ్చారు బుల్లిరాజు గారు. దిగాక సైన్సు మాస్టారు ఆ మాట మళ్ళీ అనలేదు.

కార్తీక మాసం వచ్చింది. తెల్లవారుజామున మంచు పడితే కాలవ ఎక్కడ అయిపోతోందో, గట్టు ఎక్కడ మొదలవుతోందో తెలిసేది కాదు. బుల్లిరాజు గారు ఆ మంచులో పెసరట్టుకి బయల్దేరేవారు. గోడ ఇవతల పక్క మీద పడుకుని నేను వినేవాణ్ణి. కారు తలుపు పడేది. కాసేపు ఎవరితోనో గుసగుసగా మాటలు. తర్వాత ఆ మూలుగు. తర్వాత నిశ్శబ్దం.

మొదట తేడా కనిపెట్టింది సూర్యకళ గారు. సోమవారం ద్రాక్షారామం వెళదామని కారెక్కి, ఎక్కినంత వేగంగా దిగిపోయారు. కార్తీకమని నెల మొదటి నుంచీ ఆ ఇంట్లో నీచు తాకలేదు. కారు నిండా నీచు వాసన. నన్ను పిలిచి చూపించారు. వెనక సీటు మీద గుండ్రంగా, పళ్ళెమంత మేర తడి. తడి అంచున వెండి రేకులాంటిది ఒకటి అంటుకుని మెరుస్తోంది. కింద చాప మీద ఎండిన బురదలో చెప్పుల్లేని పాదాల ముద్రలు. చిన్న పాదాలు, ఆడమనిషివే. నేను వంగి పరీక్షగా చూశాను. ఎక్కిన అడుగులే ఉన్నాయి. దిగిన అడుగులు లేవు.

“ఎవరెక్కారు?” అని సూర్యకళ గారు భర్తని నిలదీశారు.

బుల్లిరాజు గారు చాలాసేపు ఆలోచించి, “గేరు గారికి చెమట పట్టి ఉంటుందండి” అన్నారు.

ఆ రోజు ద్రాక్షారామానికి ఆవిడ బస్సులో వెళ్ళారు.

తర్వాత యెహెజ్కేలు చెప్పిన సంగతి. యెహెజ్కేలు కౌలు రైతు. ఆదివారం తప్పకుండా ప్రార్థనకి వెళ్ళే మనిషి, కల్లు ముట్టడు, మాట తూచి మాట్లాడతాడు. అతను అబద్ధం చెప్పాడంటే ఊళ్ళో ఎవరూ ఒప్పుకోరు. తెల్లవారుజామున ఎడ్లని తోలుకుని పొలానికి పోతూంటే, పాత లాకుల దగ్గర కారు ఆగి ఉందట. అక్కడ కాలవ లోతు. ఆ లాకులు వాడడం మానేసి చాలా ఏళ్ళయింది. ఇటుక గోడల మధ్య, తుప్పు పట్టిన తలుపుల కింద నుంచి నీళ్ళు పోయే చప్పుడు తప్ప ఇంకేమీ ఉండదు. పగలు కూడా అక్కడ ఎవరూ నిలబడరు. కారు ఇంజను ఆగిపోయి ఉంది. అయినా కారు దానంతటది మెల్లగా కదలడం మొదలెట్టిందట. కారు వెనక మంచులో ఒక తెల్లచీర. రెండు చేతులూ ముందుకు చాచి, తల వంచుకుని, కాళ్ళు కనిపించకుండా కారు వెంట వస్తోందట.

“ఎడ్లు కదల్లేదండి,” అన్నాడు యెహెజ్కేలు టీ కొట్టు దగ్గర. “నేను కాదు, ఎడ్లే ముందు చూశాయి.”

ఆ తర్వాత బుల్లిరాజు గారిని లిఫ్టు అడిగినవాడు లేడు. కారు వీధిలోకి వస్తే అరుగుల మీది వాళ్ళు లోపలికి పోయేవారు. ఆయన మాత్రం అందరికీ తల వంచి నమస్కారం పెడుతూ, ‘కర్ర్’ మనిపిస్తూ, మూలుగుతో సహా సాగిపోయేవారు.

సూర్యకళ గారు ఊరుకునే మనిషి కాదు. పెద్దాపురం నుంచి వీరబ్రహ్మం గారిని రప్పించారు. భూతవైద్యంలో ఆయనకి చాలా పేరుంది. ఎర్రపంచె, నుదుటి మీద రూపాయంత బొట్టు. కారు చుట్టూ ముగ్గు వేయించి, డ్రైవరు సీట్లో తానే కూర్చుని, మంత్రం చదువుతూ గేరు కడ్డీ పట్టుకుని గట్టిగా లాగారు. క్లచ్ అని ఒకటుంటుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఇంజను తిరుగుతోంది. కారు లోపలి నుంచి వచ్చిన అరుపుకి వీధి చివర కుక్కలు అందుకున్నాయి. వీరబ్రహ్మం గారు మంత్రం సగంలో వదిలేసి కిందకి దిగారు. ముఖం మీద చెమట కారి బొట్టు ముక్కు దాకా వచ్చింది. ఆడమనిషని, నీళ్ళతో సంబంధం ఉందని, తీరని కోరికేదో ఉందని చెప్పారు.

బుల్లిరాజు గారు ఎంతో శ్రద్ధగా విన్నారు. “మీరు చెప్పింది అక్షరాలా నిజమండి. ఆవిణ్ణి ఇబ్బంది పెట్టకుండా వదిలేద్దామండి” అని, వీరబ్రహ్మం గారిని బస్టాండులో దింపుతానన్నారు. వీరబ్రహ్మం గారు నడిచి వెళ్ళారు.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అప్పటికీ లేదు. కానీ ఒక సాయంత్రం జవాబు పత్రాల కట్టలతో రామచంద్రపురంలో చిక్కుకుపోయి, బస్సు రాక, బుల్లిరాజు గారి కారులోనే తిరిగొచ్చాను. పొద్దు వాలుతోంది. కాలవ మీద వెలుతురు బూడిదరంగులోకి మారింది. వెనక సీటు వైపు చూడకూడదని నిర్ణయించుకున్నాను. అయినా అటు నుంచి చల్లగా, తడిగా ఆ వాసన మెడ మీదకి వస్తూనే ఉంది. పాత లాకుల దగ్గరికి రాగానే ఆయన వేగం తగ్గించారు. కిటికీ లోంచి మెట్ల వైపు, నీళ్ళ వైపు చాలా జాగ్రత్తగా చూశారు. తర్వాత తనలో తాను, “ఇప్పుడు లేరులెండి” అన్నారు.

ఎవరు లేరని అడిగాను.

“ఎవరూ లేరండి,” అన్నారు. “అదే అంటున్నాను.”

ఆ రాత్రి నేను దీపం ఆర్పకుండా పడుకున్నాను. లెక్కల మాస్టారుగా ఇది చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది.

మార్గశిరంలో బుల్లిరాజు గారికి మలేరియా పట్టుకుంది. ఒళ్ళు కాలిపోతోంది, వణుకు. తెల్లవారుజామున సూర్యకళ గారు నా తలుపు తట్టి, మీ రాజు గారు పలవరిస్తున్నారు, మిమ్మల్నే పిలుస్తున్నారు అన్నారు. వెళ్ళేసరికి ఆయన రెండు దుప్పట్ల కింద నుంచి చెయ్యి బయటపెట్టి కారు తాళం నా చేతిలో పెట్టారు. ఆవిణ్ణి కాఫీ తెమ్మని పంపేసి, నన్ను దగ్గరికి వంగమన్నారు.

“మాస్టారూ, బండిని లాకుల దాకా తీసుకెళ్ళాలండి. రోడ్డు ఎక్కు మొదలయ్యే చోట ఆపెయ్యాలి. అక్కడ ఒకటో గేరు పడకూడదండి.”

“పడకూడదా?”

“పడదు అంటున్నానండి.” ఆయన కళ్ళు మూసుకున్నారు. “అప్పుడు ఎవరైనా వచ్చి తోస్తే, వారిని ఎక్కించుకుని రామచంద్రపురం మార్కెట్లో దింపండి. ఆలస్యం చేయకండి. ముందు మీరుండాలి అక్కడ.”

ఎవరొస్తారని అడిగాను.

“వచ్చేవారు వస్తారండి” అని గోడ వైపు తిరిగి పడుకున్నారు.

జ్వరంలో ఉన్న మనిషి మాటని కాదనడానికి మనసు రాలేదు. సూర్యకళ గారు నా జేబులో నిమ్మకాయలు వేశారు. సీటు మీద వేపమండ పెట్టారు. గుమ్మంలోనే నిలబడిపోయారు.

కారెక్కి, క్లచ్ తొక్కి, ఆ మూలుగు కోసం పళ్ళు బిగపట్టి కడ్డీ కదిపాను. ఒకటో గేరు మెత్తగా జారి పడింది. రెండో గేరూ అంతే. మూడో గేరూ. బండి చల్లగా ఉంది, వేడెక్కే సమయమే లేదు. నేను ఒక్క ‘గారు’ కూడా అనలేదు. ఇన్నాళ్ళూ ఆ గేరు పడకపోతే భయం వేసేది. ఆ ఉదయం పడుతుంటే వేసింది. నా చేతి కింద ఇంకెవరిదో చెయ్యి ఉండి, దారి బాగా తెలిసినట్టు, తీసుకుపోతున్నట్టు అనిపించింది.

మంచు బాగా ఉంది. దీపాల వెలుతురు బానెట్ దాటి పోవడం లేదు. నీళ్ళ చప్పుడు వినబడే దాకా వెళ్ళి, ఎక్కు మొదట్లో ఆపి, ఇంజను కట్టేశాను. ఆ చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి కళ్ళు అలవాటు పడ్డాయి. లాకుల మెట్ల మీద, అడుగున, నీటికి ఆనుకుని ఒక తెల్లటి ఆకారం నిలబడి ఉంది. వీపు నా వైపు. చాలాసేపు కదల్లేదు. తర్వాత తిరిగి, మెట్లెక్కి, నా ముఖం వంక చూడకుండా, తల వంచుకుని కారు పక్క నుంచి వెనక్కి నడిచింది. వెనక అద్దంలో రెండు అరచేతులు కనిపించాయి.

కారు కదిలింది.

నేను తలుపు గడియ వేసుకున్నాను. అద్దం ఎత్తాను. నిమ్మకాయలున్న జేబు గట్టిగా పట్టుకున్నాను. కొంచెం దూరం కదిలి కారు ఆగిపోయింది. అడుగులు కిటికీ దగ్గరికొచ్చాయి. అద్దం మీద వేలితో తట్టిన చప్పుడు.

“బ్రేకు తియ్యాలి కదండీ, తోస్తుంటే” అంది బయటి గొంతు. తర్వాత అద్దానికి ముఖం దగ్గరగా పెట్టి చూసి, “మీరెవరండి? రాజు గారేరి?” అంది.

నలభై ఏళ్ళు పైబడిన మనిషి. వెలిసిపోయిన తెల్లచీర మోకాళ్ళ కిందకి బిగించి కట్టింది. మెట్ల మీద తడిబుట్ట. అందులో సన్నటి చీరమేను చేపలు, పైన అరిటాకు. నేను ఆవిణ్ణి రామచంద్రపురం చేపల మార్కెట్లో చాలాసార్లు చూశాను. అచ్చాయమ్మ. గోదారొడ్డు పల్లెకారుల మనిషి. రేవు దగ్గర చేపలు ఎత్తుకుని చీకటితో నడిచి వచ్చి అమ్ముతుంది.

రాజు గారికి జ్వరమని చెప్పాను. నిన్ననే అనుకున్నాను, చలిలో అద్దం దింపుకుని కూర్చుంటారు, అంది. వెనక సీటు మీద గోనెపట్టా పరిచి బుట్ట పెట్టి, అలవాటైన మనిషిలా పక్కన సర్దుకుంది. బండి నడిపాను. ఈ తోయడం ఎప్పటి నుంచి అని అడిగాను.

అచ్చాయమ్మ బుట్ట మీద అరిటాకు సర్దింది.

“పోయినేడు తుఫానుకి మా ఆయన పోయాడండి. మనిషి దొరకలేదు. వస్తాడేమోనని ఏడాది చూశాను. ఏడాది తిరిగిన మర్నాడు బుట్ట మెట్ల మీద పెట్టేసి నీళ్ళలోకి దిగాను. మోకాళ్ళ దాకా దిగానండి. అప్పుడు వెనకాల కర్ర్‌మని బండి ఆగింది. ‘అమ్మగారండీ, ఏమీ అనుకోకండి, గేరు గారు రావట్లేదు, కాస్త తోసిపెడతారా’ అన్నారు.”

“అప్పుడేం చేశారు?”

“ఏం చేస్తానండి. నన్ను పుట్టాక ఎవరూ అమ్మగారండీ అనలేదు. అంత మర్యాదగా అడిగితే కాదనలేం కదా. బయటికొచ్చి తోశాను. చీర తడిసింది, చలి, ఎక్కండి అన్నారు. సరే, రేపు చూసుకుందాంలే అనుకున్నాను. రేపు కూడా అక్కడే ఆగిపోయింది బండి. ఎల్లుండీ అంతే. ఇంక నాకు తీరికేదండి?”

బండి నాలుగో గేరులో సాఫీగా పోతోంది. అది ఆవిడకి తెలిసే ఉండాలి. అడగాలా వద్దా అనుకుంటూనే, గేరు బాగుపడిందని మీకు తెలుసా అని అడిగేశాను.

“ఎప్పుడో తెలుసండి. చేత్తో తోసేదాన్ని, నాకు తెలీదా? కానీ మీరు ఆయనకి చెప్పకండి.” అచ్చాయమ్మ ముందుకు వంగి గొంతు తగ్గించింది. “ఆయనకి ఆ లాకులంటే భయమండి. అక్కడేదో ఉందంటారు కదా, ఒంటరిగా దాటలేరు. మగమనిషి, కారున్న మనిషి, భయమని ఎలా చెప్పుకుంటారు? గేరు మీద పెట్టి నన్ను పిలుస్తారు. పాపం, నేను రాకపోతే ఆ గట్టు మీదే ఉండిపోతారేమోనని, చేపలు పడని రోజు కూడా వస్తున్నానండి.”

మార్కెట్లో ఆవిణ్ణి దింపాను. సిమెంటు రోడ్డు మీద కాళ్ళు దులుపుకుని, పట్టా మడిచి, బుట్ట ఎత్తుకుని గుంపులో కలిసిపోయింది. 

ఇంటికొచ్చేసరికి బుల్లిరాజు గారికి చెమట పట్టి జ్వరం దిగింది. సూర్యకళ గారు వంటింట్లో ఉన్నారు. ఆయన మొదటి ప్రశ్న, వచ్చారా అని. వచ్చారన్నాను. రెండో ప్రశ్న, మెట్ల మీద ఏ మెట్టు దగ్గరున్నారు అని. నీటి పక్క మెట్టు మీద, పొడి కాళ్ళతో, అన్నాను. ఆయన ఊపిరి వదిలారు. మంచం అంచున కూర్చుని, మొదటి రోజు ఏం జరిగిందో చెప్పమన్నాను.

మొదటి రోజు గేరు నిజంగానే ఇరుక్కుందట. తలెత్తి చూస్తే మంచులో ఆవిడ, నీళ్ళల్లో. విషయం అర్థమైంది. ఏం మాట్లాడాలో అర్థం కాలేదు.

“చావకండి అని ఎలా అంటామండి? ఆవిడ మనసులో మాట నేను పదిమందిలో పెట్టినట్టుంటుంది. ఆవిడ ఏదో పని మీద వచ్చారు, మనం అడ్డొస్తున్నాం. అందుకని చిన్న సాయం అడిగానండి. సాయం అడగడంలో అమర్యాద లేదు కదా.”

మర్నాడూ అడిగారు. ఆ తర్వాత మొదటి సర్వీసులో రాజమండ్రి మెకానిక్కు క్లచ్ కేబుల్ సరిచేసి, నూనె మార్చి, గేరుని పువ్వులా చేసి ఇచ్చాడు. బుల్లిరాజు గారు కంగారు పడిపోయి, దాన్ని మళ్ళీ బిగించి పెడతారా అండి అని బతిమాలారట. మెకానిక్కు ఆయన్ని నీడలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. చివరికి తానే కనిపెట్టారు. క్లచ్ సగమే తొక్కి కడ్డీ నెడితే కావలసినంత మూలుగు వస్తుంది. ఊళ్ళో కూడా అలాగే నడిపారు, ఎవరికీ అనుమానం రాకూడదని.

మరి ఊరంతా దయ్యమంటుంటే ఎందుకు ఊరుకున్నారని అడిగాను.

“దయ్యమంటే దూరంగా ఉంటారండి. మనిషంటే దగ్గరికొచ్చి చూస్తారు. భర్త పోయిన మనిషి, తెల్లవారుజామున నా కారులో. ఆవిడకి మాట వస్తుంది.”

“సూర్యకళ గారికైనా చెప్పొచ్చు కదా.”

“ఆవిడది మెత్తటి మనసండి. చెబితే బియ్యం, పాతచీరలూ పట్టుకుని వెళతారు. సాయం చేస్తున్నారని తెలిస్తే అచ్చాయమ్మ గారు మరి రారు.” ఆయన దుప్పటి సర్దుకుని, నా వంక ఆత్రంగా చూశారు. “గేరు బాగైందని ఆవిడకి తెలీదు కదండీ?”

“తెలీదండి,” అన్నాను.

ఆయన కోలుకునేదాకా లాకుల దగ్గరికి నేనే బండి తీసుకెళ్ళాను. నెలాఖరులో, జ్వరం పూర్తిగా తగ్గాక, బుల్లిరాజు గారు మళ్ళీ పెసరట్టుకి బయల్దేరారు. నాకు రామచంద్రపురంలో పరీక్షల పనుండి నేనూ ఎక్కాను. తలుపు వేస్తుంటే సూర్యకళ గారు కొంగు బిగించి, చేతిలో వేపమండతో వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. ఆ దయ్యం సంగతేదో తానే తేల్చుకుంటానన్నారు. బుల్లిరాజు గారి ముఖం పాలిపోయింది. ఎన్నో విధాల మర్యాదగా చెప్పి చూశారు. ఆవిడ దిగలేదు.

లాకుల దగ్గర బండి ‘కర్ర్’ మని ఆగింది. మంచులోంచి అచ్చాయమ్మ వచ్చింది. సూర్యకళ గారు వేపమండ ఎత్తి పట్టుకుని దిగారు. నేను వెనక అద్దం లోంచి చూస్తున్నాను. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. అచ్చాయమ్మ ఆవిణ్ణి ఎగాదిగా చూసి, తోయడానికొచ్చిన మనిషనుకుని, కొంచెం పక్కకి జరిగి చోటిచ్చింది.

సూర్యకళ గారు మెట్ల వంక చూశారు. నీళ్ళ వంక చూశారు. బుట్ట వంక, అచ్చాయమ్మ బోడి మెడ వంక, స్టీరింగు ముందు తల వంచుకుని కూర్చున్న భర్త వంక చూశారు. ఆవిడ నోరు తెరిచారు. నేను కళ్ళు మూసుకున్నాను. ఎంతసేపటికీ ఏమీ వినిపించలేదు. కళ్ళు తెరిచేసరికి వేపమండ గట్టు మీద పడి ఉంది. ఆవిడ గాజుల చేతులు కారు మీద ఆన్చి ఉన్నాయి.

నన్ను ముందు సీట్లోకి పంపేసి, దారంతా ఇద్దరూ వెనక సీట్లో చీరమేనులో చింతచిగురు వెయ్యాలా, మామిడికాయ వెయ్యాలా అని వాదించుకున్నారు. దిగేటప్పుడు సూర్యకళ గారు నాతో మెల్లగా, ఒక్కావిడే ఎన్నాళ్ళని తోస్తుందండీ, రేపటి నుంచి నేనూ వస్తాను అన్నారు. అంతకు మించి ఆ విషయం ఎవరితోనూ ఎప్పుడూ మాట్లాడలేదు.

నేను బదిలీ మీద తుని వెళ్ళేదాకా అలాగే సాగింది. ఏ లోపమూ లేని కారుని ఇద్దరు ఆడవాళ్ళు ప్రతి ఉదయం గట్టు మీద తోసేవారు. ముందు సీట్లో బుల్లిరాజు గారు, మరీ తేలిగ్గా కదిలితే వాళ్ళు నొచ్చుకుంటారని, బ్రేకు మీద కాలు కొంచెం ఆనించి ఉంచేవారు.